కండ్లు పెట్టని బొమ్మలు

సరోజన నిర్మల్ల కర్రబొమ్మలు చేసే నకాషోళ్ల ఇంట్ల పుట్టింది. ఆ ఇండ్లల్ల పిల్లలకు ఉగ్గుగిన్నె కన్న ముందు రంగుగిన్నె అందుతది. తండ్రి అంతయ్య పునికి కర్ర చెక్కి, చింతగింజల అంబలి పట్టించి, మీద తెల్లరంగు పూసి పిట్టలు, పండ్లు, మనుషులు చేసేటోడు. ఎన్ని బొమ్మలు చేసినా కండ్లు మాత్రం ఆఖరుకే పెట్టేటోడు. పొద్దుగాల్నే తానం చేసి, బాసర సరస్వతమ్మను తలుసుకొని, ఊపిరి బిగబట్టి రెండు చుక్కలు పెట్టి, కుంచె కడిగి పక్కకు పెట్టేటోడు.

"కండ్లు తెరిచినంక అది మనది గాదు బిడ్డా. ఇగ దాని మీద చెయ్యి పెట్టద్దు, మాట పెట్టద్దు. దండం పెట్టి తోలియ్యాలె" అనేటోడు.

కొడుకులు లేని అంతయ్య బిడ్డను ఏడో తరగతి దాక చదివించిండు. ఆడపిల్లకు గంత చదువెందుకని అడిగినోళ్లకు, "చదువు మానిపిచ్చి రంగులు కలపనీకి మీ ఇంటికి తోల్తనా ఏంది?" అని జవాబిచ్చిండు. తర్వాత ఆమె పంతుళ్ల ట్రైనింగు పూర్తి చేసింది. పెండ్లయింది. పెనిమిటి హనుమండ్లు మందమర్రి బొగ్గుబాయిల హాజరీ రాసే పని చేస్తుండె. పందొమ్మిది వందల అరవై ఒకటిల సరోజనకు ఆసిఫాబాద్ అవుతల ఇప్పగూడ బడికి ఆర్డరు వచ్చింది. నడుమ వాగు, చుట్టూ అడివి. ఇంటి పెద్దలు వద్దన్నరు. హనుమండ్లు ఒక్కడే ఏమనలే. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని, రైలు దిగిన కాడికెల్లి ఊరి దాక పదకొండు మైళ్లు నడిచిండు. "పదిహేను దినాలకొక్కసారి వస్త. జర మంచిగ చెప్పు పిల్లలకు" అని, వచ్చిన తొవ్వనే మర్లి పోయిండు. ఆ మనిషికి అంతకన్న ఎక్కువ మాట్లాడుడు రాదు. అంతకన్న ఎక్కువ అవసరం గూడ పడలే.

ఇప్పగూడ బడికి హెడ్‌మాస్టరు లక్ష్మీరాజం పంతులు.

నాలుగక్షరాలు చెప్పినోన్ని తిడితే పాపం తగుల్తదని పెద్దలు చెప్పిండ్రు. లక్ష్మీరాజం పంతులు నాలుగక్షరాలు చెప్పిండా లేదా అన్నది వేరే సంగతి. అందుకని ఆయనను తిట్టుడు వద్దు. చేసింది చేసినట్టు చెప్పుకునుడే మర్యాద.

ఆయన రోడ్డు మీది ఊర్ల ఉండేటోడు. పది గంటలకు సైకిలు మీద వాగు కాడికి వచ్చి గంట కొట్టేటోడు. ఆ గంటకు ఇద్దరు మనుషులు చేన్ల పని ఇడిసిపెట్టి ఉరికి రావాలె. ఒకడు సైకిలును, ఒకడు పంతులును వాగు దాటియ్యాలె. సైకిలును మోసినోడే అదృష్టవంతుడని ఊర్ల అనుకునేటోళ్లు. అది వీపు మీద కూసొని బీడి తాగది గద.

బడికి వచ్చినంక చెంబెడు పాలు తాగి, ఊరు మొత్తంల ఉన్న ఒక్క కుర్చిల కూసునేటోడు. ఆ కుర్చి జైతు పటేల్ ఇంటిది. పటేల్ గోండుల పెద్దమనిషి. బడికి గుడిసె ఏసింది ఆయనే, గోడలకు ఎర్రమన్ను పూసింది ఆయన కోడండ్లే. తన కుర్చి పంతులుకిచ్చి ఆయన నేల మీద కూసుండె. పంతులు ఒక్కనాడన్న "నువ్వు గూడ కూసో పటేలా" అనలే. పన్నెండు దాక కునుకు, తర్వాత సద్ది, తర్వాత మల్ల కునుకు. నడుమల మెలకువ వస్తే కట్టెతోటి నేలను కొట్టి "చదువుండ్రి!" అనేటోడు.

ఏం చదవాలె? ఒకటో తరగతిల పదకొండు మంది పిల్లలు. అందరు గోండోళ్ల పిల్లలే. ఇంట్ల వాళ్ల మాట వేరు. సంతల మరాఠి చెవిన పడ్తది. తెలుగు అంటే, కోమటాయిన బేరం ఆడేటప్పుడు ఇన్న నాలుగు మాటలే. పంతులు తెలుగుల అడిగేటోడు, పిల్లలు మొఖం చూసేటోళ్లు. మల్ల అడిగేటోడు, మల్ల చూసేటోళ్లు. మూడేండ్లు గిట్లనే అయింది. మూడేండ్లు ఒకటో తరగతిల అందరు ఫెయిలు. "మూగజాతి" అని తేల్చిండు లక్ష్మీరాజం పంతులు. మూడేండ్లల్ల ఆ పిల్లల మాట ఒక్కటన్న తను నేర్చిండా అని అడిగెటోడు ఊర్ల లేకపాయె.

బొమ్మలతోటి భాష చెప్పాలెనని సర్కారుకు గూడ తోచింది. హైదరాబాదు నుంచి పెద్ద రంగుల పటం ఒకటి వచ్చింది. దాంట్ల సముద్రం, ఓడ, గొడుగు పట్టుకున్న దొరసాని, మెడకు పట్టా ఉన్న కుక్క, టోపీ పెట్టుకున్న ఎర్రబుగ్గల పిలగాడు. అచ్చేసినోడు ఏ ఊరోడో గని, ఆ బొమ్మల ఉన్న దాంట్ల ఇప్పగూడల దొరికేది కుక్క ఒక్కటే. అది గూడ గా పట్టా లేకుంట. పంతులు దాన్ని చుట్ట చుట్టి తలకింద పెట్టుకునేటోడు. సరోజన వచ్చిన వారానికి, కొత్త పంతులమ్మకు పాఠం చెప్పే తరీఖా చూపియ్యాలెనని దాన్ని విప్పి గోడకు కొట్టిండు. కట్టెతోటి ఓడ మీద టకటక కొట్టి, "ఓడ!" అన్నడు.

"ఓడ!" అన్నరు పిల్లలు.

"చూసినవా సరోజనమ్మా? వచ్చేసింది."

పిల్లలు చూసింది కట్టెను. ఎప్పుడు చూసినా వాళ్ల వీపుకు తగిలేది అదే గద. ఆ దినం నుంచి ఇప్పగూడల కట్టెకు ఓడ అని పేరు పడ్డది. పంతులు వస్తుంటే, "ఓడ తెస్తుండు, పా!" అని ఒకలకొకలు చెప్పుకునేటోళ్లు. ఆ చదువు నడిపినన్ని దినాలు పంతులు నేర్పిన తెలుగుమాట ఒక్కటే. అది గూడ తప్పే.

సరోజన నవ్వలే. ఇంటికి వచ్చినంక మాత్రం పక్కింటి ఎల్లక్కకు చెప్పి, ఇద్దరు పొట్ట పట్టుకొని నవ్విండ్రు. ఎల్లక్క ఆ ఊరి చాకలామె. ఒంటరిగున్న పిల్ల అని రోజు పొద్దుగాల చెప్పకుంటనే బిందెడు నీళ్లు తెచ్చి గడప కాడ పెట్టి పోతుండె. ఒక్కనాడు గూడ "తెచ్చిన" అని చెప్పుకోలే.

"మాట రావాలంటే ముందు ఇనాలె గద బిడ్డా. కడుపుల ఉన్నప్పటి సంది ఇంటెనే మా పోరగాండ్లు మూడో ఏడుకు గంత మాట్లాడుతరు. ఇయ్యాల చెప్పి ఇయ్యాల్నే ఒప్పజెప్పుమంటే ఎట్లస్తది?" అన్నది ఎల్లక్క.

ట్రైనింగుల రెండేండ్లు చెప్పినా ఎక్కని ముచ్చట ఎల్లక్క రెండు నిమిషాలల్ల చెప్పిందని సరోజనకు అనిపించింది. తండ్రికి కార్డు రాసింది: బాపూ, మా ఊరోళ్లు చేసే పనుల బొమ్మలు పలకల మీద ఏసి తోలు.

నెల దిరగకముందే నిర్మల్ నుంచి మూట వచ్చింది. పన్నెండు పునికి పలకలు. జొన్నలు దంచే అవ్వ. కావడి మోసే మనిషి. ఇప్పపువ్వు ఏరే పిల్ల. మేకకు ఆకు ఏసే ముసలాయన. చూస్తే ఏ ఒక్క బొమ్మకు కండ్లు లేవు. అంతయ్యకు జెరమొచ్చిందట. తానం చెయ్యకుంట కండ్లు పెట్టద్దు గద. "నేను లేచినంక వచ్చి పెడ్త, ఆ లోపల పాఠం నడుపు" అని చీటి రాసిండు.

సరోజన పలకలను గోడపొంటి నిలబెట్టింది. పిల్లలను మాట్లాడమని అడగలే. తనే చెప్పింది. "దంచే అవ్వ ఎక్కడున్నది? పోయి ముట్టిరాండ్రి." తొలి దినం ఎవరు కదల్లే. మూడో దినం ఒక పిల్ల లేచి ముట్టొచ్చింది. వారానికి అందరు ఉరికి ముట్టుడు షురువైంది. "ఎర్రచీర అవ్వ కాదు, పచ్చచీర అవ్వ! కావడి కింద పెట్టినోడు కాదు, ఎత్తుకున్నోడు!" అని ఆమె అనుడు, వాళ్లు ఉరుకుడు. తప్పు ముట్టినోన్ని మిగిలినోళ్లు గుంజుకొచ్చుడు. నెలరోజులు ఒక్క పిల్ల నోటి నుంచి ఒక్క తెలుగుమాట రాలే. సరోజన పరేషాన్ కాలే. కుర్చిల ఉన్నాయన మాత్రం కన్ను తెరిచినప్పుడల్లా పరేషాన్ అయ్యెటోడు.

"ఏంది సరోజనమ్మా గీ బొమ్మలాట? బొమ్మలు చూస్తేనే భాష వస్తదంటే సిన్మా హాలు కాడ టికెట్లు చింపేటోడు మహాపండితుడు కావాలె" అనేటోడు.

"మీరు పండుకోండ్రి సార్. లొల్లి కానియ్యం" అనేది సరోజన. ఆ మాటల ఉన్న మర్యాద ఆయనకు వినవడేది, ఎత్తిపొడుపు వినవడేది కాదు.

నెల దాటినంక ఒకనాడు జైతు పటేల్ మనుమరాలు మారుబాయి లేచింది. ఏడేండ్ల పిల్ల. అన్నిటికన్న గట్టిగ నోరు మూసుకున్నది అదే. పోయి దంచే అవ్వ మొఖం మీద వేలు పెట్టింది.

"కండ్లు లెవ్వు" అన్నది.

సరోజన దాని పక్కకొచ్చి కూసున్నది. "లెవ్వు బిడ్డా. ఇంకా తెరవలే. అవ్వ సంగతి అంత మనం చెప్తే, అప్పుడు తెరుస్తది" అని నోటికొచ్చింది చెప్పింది. మారుబాయి మల్ల అవ్వ దిక్కు మర్లింది.

"అవ్వ... జొన్నలు దంచుతుంది."

"దంచుతుంది! ఇంకా?"

"చెమట" అన్నడొకడు. "కోడి వచ్చింది, గింజలు తింటది" అన్నది ఇంకొకతె. "అవ్వ కోడిని తిడ్తది!" "ఏమని తిడ్తది?" పిల్లలు ఏమని తిడ్తదో చెప్పిండ్రు. కోమటాయిన బేరంల నేర్చిన తిట్లు అవ్వ నోట్ల బాగ కుదిరినయి. ఆఖరు మాట మారుబాయి చెప్పింది. సరోజన దాని చేతులు కడిగించి, సరస్వతమ్మకు మొక్కించి, కుంచె చేతికిచ్చింది. పిల్ల ఊపిరి బిగబట్టి రెండు చుక్కలు పెట్టింది. అందరు దండం పెట్టిండ్రు. పలక పైన అటుకు మీదికి ఎక్కింది. తండ్రి చెప్పినట్టే చెప్పింది సరోజన: ఇగ దాని మీద చెయ్యి పెట్టద్దు, మాట పెట్టద్దు. అయిపోయింది.

"అయిపోయింది!" అన్నరు పిల్లలు ఒక్క గొంతుతోటి.

అట్ల రెండేండ్లు నడిచింది. పలక అయిపోయినప్పుడల్ల అంతయ్య కొత్తది తోలుతుండె, బిడ్డ రాసినట్టే కండ్లు లేకుంట. పిల్లలు రెండో తరగతికి వచ్చిండ్రు. వాళ్ల పరీక్ష కాయితాలు దిద్దేటిది పంతులే గనుక మెలకువతోటున్న దినం దిద్దితే పాసు, లేకుంటె ఫెయిలు. ఆ కాయితాల లెక్క ప్రకారం ఇప్పగూడల చదువు ఇంకా మూగదే. ఆ లెక్క పట్టుకొనే పైనుంచి కాయితం వచ్చింది. అయిదేండ్లల్ల తెలుగు రాని బడి దండగ. పుష్యమాసంల డిప్టీ ఇన్‌స్పెక్టరు వచ్చి స్వయంగ పిల్లలను మాట్లాడిచ్చి చూస్తడు. మాట్లాడితే బడి ఉంటది. లేకుంటె లేపి, వాగు అవుతల రోడ్డు మీది ఊరి బడిల కలుపుతరు.

కాయితం చదివి పంతులు కాలు మీద కాలు ఏసుకున్నడు. "కలిపితే మనకే సుఖం. వాగు తిప్పలు తప్పుతయి."

"పిల్లలకు సార్?"

"వాళ్లు రారు" అన్నడాయన. ఆకాశంల మబ్బు లేదు అన్నట్టు చెప్పిండు.

అది నిజమే. గంత చిన్న పిల్లలు నాలుగు మైళ్లు అడివిల నడిచి, వానకాలం వాగు దాటి పోరు. బడి పోతే మారుబాయి మేకల ఎంట పోతది, అంతే. సరోజనకు ఆ రాత్రి సంది అన్నం సయించలే. ఆమె ఫికర్ చూసి జైతు పటేల్, "పంతులమ్మా, నువ్వు మాకు గుడిసె ఉన్నన్ని దినాలు ఉన్నవు. చాలు" అన్నడు. ఆ మాటకు ఆమెకు ఇంకింత ఏడుపొచ్చింది.

లక్ష్మీరాజం పంతులుకు మాత్రం మల్లొక ఆలోచన వచ్చింది. డిప్టీ సారు మెచ్చితే ఆసిఫాబాద్ మిడిల్ స్కూలుకు ప్రమోషను ఉన్నదని ఎవడో చెవిల ఊదిండు. అంతే. రెండేండ్లు బొమ్మలాట అన్న మనిషి, "మన బొమ్మల పద్ధతి" అన్నడు. "మన" అన్న మాట ఎంత సులువుగ వస్తదో కొందరికి.

రేపు తనిఖీ అనంగ సరోజన తొమ్మిది కొత్త పలకలు గుడ్డల చుట్టి బడి పెట్టెల పెట్టి, పొద్దుగూకకముందే పిల్లలకు తలకు పోసే ఏర్పాటు చూడనీకి పోయింది. పంతులు మూటిప్పి చూసిండు. ఒక్క దానికి కండ్లు లెవ్వు! రెండేండ్లు ఎదురుంగ నడిచిన పాఠం ఒక్కనాడన్న చూసి ఉంటే ఎందుకు లెవ్వో ఎరుకైతుండె. చూడనోనికి అది పని ఎగ్గొట్టినట్టే కనవడ్డది. ఎగ్గొట్టుడు సంగతి ఆయనకు మంచిగ తెలుసు. "సగం పని చేసి నా పరువు తీస్తది ఈమె" అని జేబుల నీలం సిరా కలం తీసి, తొమ్మిది పలకలకు కండ్లు పెట్టిండు. తానం లేదు, దండం లేదు, బీడి గూడ నోట్లనే ఉన్నది. గుడ్లగూబ అసొంటి కండ్లు. కావడి మనిషిది ఒక కన్ను గుట్ట దిక్కు, ఒక కన్ను వాగు దిక్కు. నీళ్లు తోడే ఆమెకు కన్నుగుడ్డే లేదు, సిరా కారి బుగ్గ మీదికి దిగింది. మల్ల మంచిగ గుడ్డల చుట్టి పెట్టి, పెద్దపని చేసినట్టు ఒళ్లు విరుసుకొని ఇంటికి పోయిండు.

పొద్దున డిప్టీ ఇన్‌స్పెక్టరు సారు వచ్చిండు. ఆయనను గూడ మోసే తెచ్చిండ్రు. కుర్చిల ఆయన కూసున్నడు. పంతులు పక్కన చేతులు కట్టుకొని నిలవడ్డడు. ఆ బడిల ఆయన అంతసేపు నిలవడుడు అదే మొదలు. పిల్లలు నూనె పెట్టిన తలలతోటి వరసగ కూసున్నరు. సరోజన మూటిప్పింది.

ఇప్పి, అట్లనే ఆగిపోయింది.

"ఈమె మరిచిపోయింది సార్. నేనే పూర్తి చేసిన" అన్నడు పంతులు ముసిముసిగ.

సరోజన పలకలను గోడకు నిలబెట్టింది. పిల్లలు నీలం కండ్లు చూసిండ్రు. ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. మారుబాయి లేచి, చేతులు జోడించి దండం పెట్టింది. పదిమంది దాని ఎనుక దండం పెట్టి, చేతులు కట్టుకొని కూసున్నరు.

"బడిల పూజలేందయ్యా?" అన్నడు డిప్టీ సారు. "ఏయ్ పిల్లా, ఈ బొమ్మల ఏమున్నది?"

"అయిపోయింది" అన్నది మారుబాయి.

"ఏం అయిపోయింది?"

"అయిపోయింది" అన్నరు అందరు.

"జంగ్లీ పిల్లలు సార్" అన్నడు పంతులు. "నేనెంత కొట్లాడినా..."

"సార్, అది గాదు, ఆ కండ్లు..." అని సరోజన చెప్పబోయింది.

"మీరు జర ఆగుండ్రి సరోజనమ్మా. సర్కారు పటం ఉన్నది సార్!" పంతులు తలకింద నలిగి నలిగి చర్మమైన పటాన్ని ఇప్పి గోడకు కొట్టిండు. కట్టె ఎత్తి ఓడ మీద పెట్టిండు. "ఇది ఏమి?"

"ఓడ!" అన్నరు పిల్లలు, కట్టెను చూసుకుంట, జర ఎనుకకు జరిగి.

"భేష్" అన్నడు డిప్టీ సారు. "ఓడల ఎవరున్నరు?"

పిల్లలకు అర్థం కాలే. కట్టెల ఎవరుంటరు? డిప్టీ సారు అరనిమిషం చూసిండు. పెద్ద ఊపిరి ఇడిసి, తనిఖీ బుక్కు ఒళ్లె పెట్టుకొని, కలం మూత తీసిండు.

ఆ మూత తీసిన సప్పుడు సరోజనకు గునపం దిగినట్టు వినవడ్డది. ఇంక రెండు వరసల రాతల బడి లేస్తది. ఆమె ఏమి ఆలోచన చెయ్యలే. సరస్వతమ్మా అనుకున్నది. సుద్దముక్క అందుకొని నల్లబల్ల మీద ఒక గీత గీసింది. నాలుగు కాళ్లు వచ్చినయి, కుర్చి అయింది. కుర్చిల మనిషిని గీసింది. ఉత్త మనిషిని గీద్దామనే అనుకున్నది పాపం. కాని నకాషోళ్ల చెయ్యి రోజు చూసేదాన్ని మరువది. పొట్ట దానంతట అదే వచ్చింది. మెడ ఒక పక్కకు వాలింది. చేతిల కట్టె వచ్చింది. పక్కన చెంబు వచ్చింది. మొఖంల కండ్లు మాత్రం పెట్టలే.

పిల్లలల్ల గుసగుస లేచింది.

"మనిషి కుర్చిల కూసున్నడు" అన్నది మారుబాయి.

డిప్టీ సారు కలం ఆగింది.

"కూసోలే. పండుకున్నడు!" అన్నడొకడు.

"గురక కొడ్తుండు."

"చెంబుల పాలు తాగిండు. అయి మా బర్రె పాలు. మా తమ్మునికి లెవ్వు."

"పొట్ట పెద్దగున్నది. వాగు దాటేటప్పుడు మా బాపు అంటడు, ఇంత బరువు మా ఎద్దు గూడ మొయ్యది అని!"

పంతులు బోర్డుకు అడ్డం వచ్చిండు. "చాలు, చాలు! మల్లొక బొమ్మ—"

"నువ్వు ఆగవయ్యా" అన్నడు డిప్టీ సారు. ఆయనకు మాటల రుచి తగిలింది. ముందుకు వంగిండు. "ఇంకేం చేస్తడు బిడ్డా ఈయన?"

"లేస్తడు. 'చదువుండ్రి' అంటడు. మల్ల పండుకుంటడు."

"ఏం చదువుతరు అని మమ్ముల అడగడు" అన్నది ఎనుకకెల్లి ఒక సన్న గొంతు. ఆ పిల్ల అప్పటి దాక ఒక్క మాట మాట్లాడలే.

"కోడి!" అన్నది మారుబాయి. "నిన్న పొద్దూకి మా ఇంటికి వచ్చిండు. ఎర్రకోడిని పట్టుకపోయిండు. అది గుడ్ల మీద కూసున్నది. అవ్వ వద్దన్నది. ఇనలే."

"కోడి ఎందుకు?"

"ఇయ్యాల సారు తింటడట."

"ఏ సారు?"

మారుబాయి అమాయకంగ డిప్టీ సారు దిక్కు వేలు చూపిచ్చింది.

ఎనుక పక్కకెల్లి వంట వాసన వస్తుండె, మసాలా మంచిగ ఏసినట్టు. డిప్టీ సారు దగ్గిండు. గొంతు సవరిచ్చుకున్నడు. పిల్లల దిక్కు, పటం దిక్కు, పంతులు దిక్కు చూసి, తనిఖీ బుక్కుల నాలుగు వరసలు రాసి సంతకం పెట్టిండు. పిల్లలు ధారాళముగా తెలుగు మాట్లాడుచున్నారు, పాఠశాల కొనసాగించదగినది అని రాసిండు. దాని కింద, ప్రధానోపాధ్యాయుని పర్యవేక్షణలో చిత్రముల పద్ధతి ప్రశంసనీయము అని గూడ రాసిండు. సరోజన పేరు రాయలే. కోడిని మాత్రం తిన్నడు. రెండోసారి పెట్టిచ్చుకొని తిన్నడు.

సారు పోయినంక పంతులు బోర్డు దిక్కు చూసి, భుజం మీది తువ్వాలతోటి ఆ బొమ్మను తుడవబోయిండు.

"తుడవద్దు సార్!" అన్నరు పిల్లలు. "ఇంకా అయిపోలే!"

ఆయన తుడిచిండు. సగం సుద్ద తువ్వాలకు అంటింది. అట్లనే భుజం మీద ఏసుకొని పోయిండు.

సరోజన ఇంటికి వచ్చి గడపల కూలబడ్డది. ఎల్లక్క అప్పటికే పొయ్యి ముట్టిచ్చి గంజి కాచి పెట్టింది.

"బడి ఉంటదట గద?"

"ఉంటది ఎల్లక్కా. మెప్పు ఆయనకు పోయింది."

"పోనియ్యి. మెప్పు తింటే కడుపు నిండుతదా, నువ్వు గంజి తాగు." గిన్నె చేతికిచ్చి అన్నది, "పిల్లలు అంత చెప్పిండ్రు. నాకొక్క సంగతి చెప్పు బిడ్డా. ఆ పొట్ట నిజంగ దానంతట అదే వచ్చిందా?"

"సరస్వతమ్మ తోడు ఎల్లక్కా. నేను వద్దనే అన్న, చెయ్యి ఇనలే."

ఎల్లక్క చెంగు నోట్ల కుక్కుకున్నది.

నెల దాటినంక పంతులు మల్ల వచ్చి సరోజన ముందర నిలవడ్డడు. కరీంనగర్ల పంతుళ్లకు శిక్షణట. చిత్రముల పద్ధతి మీద ఆయనే మాట్లాడాలెనట. "సరోజనమ్మా, జర ఆ పలకలు ఇస్తే..." అని నసిగిండు. ఆమెకు ఒక్క క్షణం కోపమొచ్చింది. వచ్చిన మనిషికి లేదనుడు ఆ ఇంటి పద్ధతి కాదు. లోపలికి పోయి తొమ్మిది నీలం కండ్ల పలకలు తెచ్చి, దుమ్ము తుడిచి, గుడ్డల కట్టి ఇచ్చింది. ఆ తర్వాత తండ్రి తోలిన, కండ్లు పెట్టనివి పిల్లలకు కావాలె. అవి ఇయ్యలే.

కరీంనగర్ల ఆయన ఏం చెప్పిండో ఎవరికెరుక. శాలువా కప్పిండ్రని మాత్రం ఊరంత చెప్పుకున్నడు. ఎండకాలం దాటంగనె ఆసిఫాబాద్ ప్రమోషను గూడ వచ్చింది. పోయేనాడు జైతు పటేల్ బంతిపూల దండ తెచ్చి ఏసిండు. ఆ గోండు పెద్దమనిషి మనసు అసొంటిది. ఆఖరుసారి ఇద్దరు మనుషులు సైకిలును, పంతులును వాగు దాటిచ్చిండ్రు. మోసినోళ్లు ఒడ్డుకు మర్లి వచ్చి, వీపులు నిటారుగ చేసుకొని, ఒకల మొఖం ఒకలు చూసి నవ్వుకున్నరు.

జూన్‌ల బడి తెరిస్తే, గుట్ట అవుతలి గూడెం నుంచి గూడ ఏడుగురు కొత్త పిల్లలను తల్లులు చెయ్యి పట్టుకొని తెచ్చిండ్రు. తెలుగు ఒక్క మాట రాదు. మారుబాయి వాళ్లను పలకల ముందర నిలబెట్టి, పెద్ద పంతులమ్మ లెక్క నడుము మీద చేతులు పెట్టుకొని, "కావడి మనిషి ఎక్కడున్నడు? పోయి ముట్టిరాండ్రి!" అని కేక పెట్టుడు షురువు చేసింది. కొత్తోళ్లు కదల్లే. "రెండు దినాలు పడ్తది పంతులమ్మా, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నది సరోజనతోటి.

హెడ్‌మాస్టరు జాగల కొత్తాయనను తోలుతమని పైనుంచి కాయితం వచ్చింది గని, మనిషి రానీకి అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలు బడి శానా మంచిగ నడిచింది. కుర్చిల జైతు పటేల్ కూసుండె.